అయిల పులుసు తిన్నాక

జూన్ 11

మధ్యాహ్నం అయిల చేపల పులుసు. తిని చెయ్యి కడుక్కునేలోగా మొదలైంది — ముందు అరచేతుల్లో దురద, తర్వాత మెడ, తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు. పెదవి ఉబ్బింది. గొంతు బిగుసుకుంటోందని చెప్పబోతే మాట రాలేదు. ఒడిలో పాలు తాగుతున్న చిన్నదాన్ని అమ్మ లాగేసుకుంది. ఆటో. ఆస్పత్రి. సూది. సాయంత్రానికి అణిగింది.

అమ్మది ఒకటే మాట — "తాజా చేప కన్నూ. నేనే కోసినాను. కళ్ళు చూసి, మొప్పలెత్తి చూసి తెచ్చినాను."

తప్పు తనదన్నట్టు. ఎవరూ అనలేదు.

జూన్ 12

నీరసం. చిన్నదాన్ని విప్పి చూస్తున్నాను — చంకలు, మెడ మడతలు, అరికాళ్ళు. ఏమీ లేదు. మళ్ళీ చూస్తున్నాను.

జూన్ 13

పురిటికి మదురై వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ చేపే. సొరచేపతో చేసే సొరపుట్టు తింటే పాలు పడతాయని పక్కింటి వాళ్ళు కూడా చెప్పారు. తిన్నాను, పాలు పడ్డాయి, ఏమీ కాలేదు. నాన్న పోయాక అమ్మ చేపల మార్కెట్టులో కత్తిపీట ముందు కూర్చుంది. జనం కొన్న చేపలు కోసిచ్చి నన్ను పెంచింది. పుట్టినప్పటి నుంచి తిన్నది ఇప్పుడు పడకపోవడమేమిటి?

రేపు డాక్టరమ్మ రమ్మంది. కాన్పు రోజు నా చేతి నుంచి కొంచెం, బొడ్డుతాడు నుంచి కొంచెం రక్తం పరిశోధనకని అడిగి తీసుకున్నది ఆమే. నొప్పుల్లో సరే అన్నాను. ఎందుకని అడగలేదు.

జూన్ 14

చేప పొట్టలో పురుగు ఉంటుందట. సముద్రం చేపల్లో. తెల్ల దారం ముక్కలా చుట్ట చుట్టుకుని. ఉడికిస్తే పురుగు చస్తుంది, కానీ దాని ఒంట్లో ఉన్నదేదో ఉడికినా పోదు. నా ఒళ్ళు దాని మీద పగబట్టింది. నాకు పడనిది చేప కాదు, ఆ పురుగు. నా రక్తంలో దానికి యాంటీబాడీలు ఉన్నాయి. చాలా ఉన్నాయి.

"పాపకి?" అన్నాను.

డాక్టరమ్మ రిపోర్టు పేజీ తిప్పింది. "బొడ్డుతాడు రక్తంలో కూడా కనిపించాయి."

ఆ తర్వాత ఆమె చాలాసేపు తమిళంలో నెమ్మదిగా, మంచిగా చెప్పింది. ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు. ఆమె వెనక గోడ మీద బల్లి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 15

మా ఆయన ప్రభు ఫోన్. కోయంబత్తూరులో డ్యూటీ దిగి, పంపు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. బస్సుల రొద.

"పురుగు బిడ్డ ఒంట్లో ఉండాదా రూతూ?"

"పురుగు లేదు. పురుగు మీద కాపలా ఉంది."

"దొంగ రానప్పుడు కాపలా ఏల?"

నాకూ అదే అనుమానం.

జూన్ 16

ఆగలేక నేనే డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి విన్నాను.

యాంటీబాడీలు ఒకే రకం కాదు. ఒక రకం తల్లి నుంచి బొడ్డుతాడు గుండా బిడ్డకి చేరుతుంది. తల్లి ఇచ్చి పంపిన కాపలా. హాని లేదు, నెలలు గడిచేకొద్దీ దానంతటదే తరుగుతుంది. రెండో రకం నాకు దద్దుర్లు తెప్పించింది. అది మామూలుగా బిడ్డకి దాటదు. పాపలో కనబడలేదు. ఇంతవరకు బాగుంది.

మూడో రకం ఒకటి ఉంది. అది తల్లి నుంచి రాదు. ఉంటే బిడ్డ సొంతంగా తయారు చేసుకున్నట్టే. చిన్నదాని బొడ్డుతాడు రక్తంలో అది ఉండీ లేనట్టు కనబడింది.

"అంటే కడుపులో ఉండగానే..."

"అలా అనుకోకు. రక్తం తీసేటప్పుడు నీది కాస్త కలిసిపోయి ఉండొచ్చు. చాలాసార్లు అదే. కొన్ని నెలలాగి పాప రక్తం మళ్ళీ చూద్దాం. పాలు మానకు. పురుగు పాలలో వెళ్ళదు. నువ్వు సముద్రం చేప ముట్టకు, అంతే."

చాలాసార్లు అదే. మిగిలిన సార్లు?

జూన్ 19

చిన్నది తుమ్మింది. ముక్కు ఎర్రబడిందని నేను. వెలుతురు అని అమ్మ.

జూన్ 22

ఇంట్లో చేప మానేశాం. అమ్మ మార్కెట్టు నుంచి వచ్చి పెరట్లోనే స్నానం చేసి, చీర మార్చి లోపలికి వస్తోంది. తను తింటున్నది చారన్నం. "నువ్వు తిను అమ్మా, నాకే కదా పడంది" అంటే, "నాకు మాత్రం ఆశ ఉండాదా ఏమి" అంది. ఉంటుంది. చేప లేనిదే ముద్ద దిగదు ఆమెకి.

ఇవాళ ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, మణికట్టు దాకా ఎర్రటి పొక్కులు. ఎప్పుడూ ఉండేవే. ఎప్పుడూ కొబ్బరినూనె రాసేదే. మంచుగడ్డ నీళ్ళ వల్ల అనేది, మేమూ అదే అనుకున్నాం.

"అమ్మా, నీక్కూడా అదేనేమో."

"సుమ్మా ఉండు, ఊరుకో."

జూన్ 27

తెలుగులో రాయడం మంచిదయింది. తాత బైబిలు ముందు కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు. మాట్లాడేదంతా తెలుగే అయినా ఇంట్లో ఇంకెవరికీ చదవడం రాదు. అమ్మకి ఏ చదువూ లేదు, అత్తకి తమిళమే.

ఎందుకంటే — అత్త వస్తోంది. ప్రభు వాళ్ళమ్మకి అంతా చెప్పేశాడు.

జూన్ 29

అత్త వచ్చింది. తెల్లవారుజాము బస్సుకి బయల్దేరి, ఎండలో చెమట కారుతూ. సంచిలో పాలపొడి డబ్బాలు. మంచినీళ్ళు కూడా తాగకుండా చిన్నదాన్ని ఎత్తుకుని వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది.

"ఇంక నీ పాలు వద్దమ్మా."

"డాక్టరమ్మ మానొద్దంది అత్తా."

"డాక్టరమ్మ తన బిడ్డకైతే ఇచ్చేనా? నీ రక్తంలో ఉండేది పాలలో ఉండదా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అత్త ఆమె వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. పొద్దంతా చేప పొట్టలు చీల్చిన చేతులు. ఆ చేతులతోనే పురిటి దానికి వండి పెట్టినావు, ఆ చేతులతోనే బిడ్డకి నీళ్ళు పోసినావు."

అమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

నేను అరిచాను. ఏమేమి అన్నానో గుర్తులేదు. చిన్నది ఏడ్చింది.

జూన్ 30

పాలపొడి కలిపారు. చిన్నది సీసా నాలుకతో తోసేసింది, తర్వాత ఆకలికి తాగింది. నా రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. పిండి పారబోశాను.

ఎందుకు ఒప్పుకున్నానో తెలియడం లేదు. ఆ మూడో రకం. అది ఎప్పుడూ తలలో తిరుగుతూనే ఉంది.

జూలై 1

పొద్దున అత్త ఆరిన గుడ్డలు మడుస్తూ, అడగకుండానే —

"ప్రభుకి ముందు నాకొక ఆడబిడ్డ పుట్టింది. వానికి తెలీదు. ఒళ్ళంతా ఎర్రగా లేచింది. వేడి, పోతాదని అందరూ అన్నారు. నేనూ పోతాదనే ఉండినాను." గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది. "ఈసారి ఊరికే ఉండనమ్మా. నువ్వు తిట్టు, పరవాలేదు."

తిట్టలేకపోయాను. ఆమె పక్కన కూర్చుని నేనూ మడిచాను.

జూలై 2

అత్తని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పింది. అత్త మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న — "మీకు బిడ్డలుండారా?" ఉన్నాడట, ఒకడు. "వానికైతే ఏమి చేస్తారు?" "నా పాలే ఇస్తాను."

బయటికొచ్చాక చెట్టు కింద కూర్చుని చిన్నదాన్ని నా ఒడిలో పెట్టింది. "ఇయ్యి." అంతే. అటు తిరిగి కూర్చుంది.

చిన్నది మరిచిపోలేదు. ఎంత ఆత్రంగా పట్టిందో!

జూలై 4

అత్త వెళ్ళింది. డబ్బాలు వదిలి వెళ్ళింది.

జూలై 9

అమ్మ చిన్నదాన్ని ఎత్తుకోవడం లేదు. ఇవాళ గమనించాను. కాదు, ముందే గమనించాను, ఇవాళ రాస్తున్నాను. ఏడిస్తే గుమ్మం దగ్గర నుంచే "ఓ ఓ" అంటుంది. స్నానానికి నన్నే పిలుస్తుంది. ఊయల కదపాలంటే తాడు పట్టుకుంటుంది.

"ఎత్తుకో అమ్మా."

"చేతులు సరిలేవు కన్నూ."

"కడుక్కున్నావు కదా."

"కడిగితే పోయేదా?"

జూలై 20

అమ్మవారి గుడి మైకులు పొద్దున్నుంచీ. ఆడి మాసం. వీధిలో అంబలి పోస్తున్నారు. గాలి, దుమ్ము. చిన్నది ఉలికిపడి లేస్తోంది. నేనూ.

ఆగస్టు 3

నవ్వింది. నన్ను చూసి. అమ్మని పిలిచాను. అమ్మ వచ్చేలోగా మానేసింది. ఇద్దరం ఆ ముఖం మీదికి వంగి చాలాసేపు చూశాం. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

ఆగస్టు 16

ఆదివారం ఆరాధనలో ఒకావిడ అడిగింది, "బిడ్డ రక్తంలో పురుగంట?" ఎవరు చెప్పారో. పాట మధ్యలోనే లేచి వచ్చేశాను.

సెప్టెంబరు 2

చిన్నదాని రక్తం తీశారు. అంత చిన్న చేతికి అంత పెద్ద సూది. నరం దొరక్క రెండో చేతికి పొడిచారు. నేను గోడ వైపు తిరిగాను. ప్రభు సెలవు పెట్టి వచ్చాడు, పట్టుకున్నది అతనే. బయటికొచ్చాక ముఖం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సెప్టెంబరు 6

డాక్టరమ్మ నుంచి ఫోన్ లేదు.

సెప్టెంబరు 7

లేదు.

సెప్టెంబరు 10

మూడో రకం లేదు. బొత్తిగా లేదు. అప్పుడు కనబడింది నా రక్తమే అయి ఉంటుందని డాక్టరమ్మ. నేనిచ్చిన కాపలా కూడా సగానికి పైగా తగ్గిందట.

అత్తకి ఫోన్ చేశాను. "స్తోత్రం" అంది. పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ చేసి, "డబ్బాలు ఎవరికన్నా ఇచ్చెయ్యి" అంది.

అమ్మకి చెప్పాను. "నేను చెప్పలేదా, చేప తాజాదే అని" అంది. ఏడ్చింది. అయినా ఎత్తుకోలేదు.

సంతోషించాలి. ఒళ్ళంతా ఒకటే కుదురులేనితనం. నెలల తరబడి పట్టుకుని నడిచిన బరువు దించాక చెయ్యి ఎలా ఊరికే లేస్తుందో, అలా.

సెప్టెంబరు 18

మార్కెట్టు నుంచి ఫోన్. అమ్మ పడిపోయింది. పెద్ద లోడు వచ్చిందట, పొద్దున్నుంచీ ఆపకుండా కోసిందట. కత్తికి వేలు తెగింది, ఆ తెగిన చేత్తోనే కోసింది. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, ఊపిరాడక...

చిన్నదాన్ని చంకనేసుకుని పరుగెత్తాను.

ఇప్పుడు పరవాలేదు. సూది, గ్లూకోజు. ముఖం ఇంకా ఉబ్బే ఉంది. కళ్ళు తెరిచి ముందు నన్ను కాదు, చిన్నదాన్ని చూసింది.

"ఇట్ల ఇయ్యి."

సూది గుచ్చని చెయ్యి చాచింది. పక్కన పడుకోబెట్టాను. చిన్నది ఆమె చెవి పట్టుకుని లాగింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

సెప్టెంబరు 21

అమ్మ రక్తం కూడా చూశారు. నాకున్నదే, నాకన్నా చాలా ఎక్కువ. చేతుల పొక్కులు అదే. ఎన్నేళ్ళ నుంచో.

డాక్టరమ్మ అమ్మ పక్కన మంచం మీదే కూర్చుని చెప్పింది — "సముద్రం చేప తినకూడదు, కొయ్యకూడదు. ఈసారి వస్తే ఆస్పత్రి దాకా ఊపిరి నిలవకపోవచ్చు."

అమ్మ వింది. "కోసేది మానితే ఏమి చేసేది, డాక్టర్?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను చిన్నదాన్ని చూశాను.

సెప్టెంబరు 24

అత్త ఫోన్. "మీ అమ్మని కూడా తోడుకొని రా. ఇక్కడ ముగ్గురు తినేది నలుగురం తింటాము."

అత్తే మళ్ళీ — "ఆ దినం నేనన్న మాటకి కాదు. అది అన్నాను, అయిపోయింది. ఇది వేరే."

అమ్మకి చెప్పాను. బియ్యం చెరుగుతున్న చాట ఆగింది, మళ్ళీ కదిలింది. "కూతురింట కూర్చుని తినేదానికా? ఇంకా చేతులుండాయి కదా."

"ఆ చేతులే కదమ్మా నిన్ను చంపేది!"

అనకూడని మాట. అనేశాను.

సెప్టెంబరు 25

అమ్మ తన చారన్నం పెరట్లో కూర్చుని తింది.

సెప్టెంబరు 28

అమ్మే ఒక దారి కనుక్కుంది. ఆండిపట్టిలో చిన్నమ్మ ఉంది, అమ్మ చెల్లెలు. అక్కడికి వైగై డ్యామ్ చేప వస్తుంది. మంచినీళ్ళ చేప. "దానిలో ఆ పురుగు లేదంట కదా. అది కోస్తాను."

డాక్టరమ్మని అడిగాను. డ్యామ్ చేపలో ఆ పురుగు ఉండదు, నిజమే. కానీ పూర్తిగా మానడమే మంచిదంది. తప్పదంటే చేతులకి తొడుగులు వేసుకోవాలి, సముద్రం చేప కోసిన కత్తి, పీట కూడా ముట్టకూడదు. అమ్మ అన్నిటికీ తలూపింది. మరీ త్వరగా ఊపింది.

అక్టోబరు 4

రేపు ప్రయాణం. ఇద్దరికీ ఆరపాళయం బస్టాండు నుంచే బస్సులు. ఇల్లు ఖాళీ చేస్తుంటే చిన్నది ఖాళీ గిన్నెల చప్పుడుకి నవ్వుతోంది. అమ్మ పాత కత్తిపీటని పక్క స్టాలు అక్కకి ఇచ్చేసింది. నేను చూస్తుండగానే ఇచ్చింది. అది చూశాక కాస్త నిమ్మళం.

అక్టోబరు 5

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి. పళని దాటాం. వాన.

బస్టాండులో అమ్మ చిన్నదాన్ని వదల్లేదు. నా బస్సు కండక్టరు రెండుసార్లు విజిల్ వేశాడు. ప్రభు సామాను ఎక్కించి వచ్చి అమ్మతో, "అత్తా, మాతో వచ్చెయ్యండి, ఎక్కండి" అన్నాడు. ఒక్క అడుగు వేసింది. నేను చూశాను, వేసింది. అంతలో ఆండిపట్టి బస్సు కదిలింది. చిన్నదాన్ని నా చేతుల్లో పడేసి అటు పరుగెత్తింది.

అక్టోబరు 9

కోయంబత్తూరు. చల్లగా ఉంది. అత్త పప్పు, కూరగాయల పొరియల్, నాకోసం వెల్లుల్లి కారం. చేప మాటే లేదు. ప్రభు శనివారం స్నేహితుడింట్లో చేప తిని వస్తాడట. నవ్వొచ్చింది.

అమ్మ ఫోన్ ఎత్తి రెండు మాటలు మాట్లాడింది. చేతులు బాగున్నాయంది. పొక్కులు ఎండుతున్నాయంది.

అక్టోబరు 17

చిన్నది బోర్లా పడింది! అత్త పసుపు నీళ్ళు తిప్పి పోసింది. క్రైస్తవులం కదా అత్తా అంటే, దేవుడు చూసీ చూడనట్టు పోతాడులే అంది.

అమ్మకి చూపిద్దామని వీడియో కాల్ చేశాను. చిన్నమ్మ ఎత్తింది. అక్క పనిలో ఉంది, సాయంత్రం చెయ్యమంది. ముఖం పక్కకి తిప్పి చెప్పింది.

అక్టోబరు 18

సాయంత్రం అమ్మ ఎత్తలేదు. పొద్దున ఎత్తలేదు.

అక్టోబరు 19

ఇప్పుడే ఎత్తింది. మామూలు ఫోన్, వీడియో కాదు. సంత రొద.

"బోర్లా పడిందంట కదా నా బంగారు!" గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబంది. వాన కదా అంది.

"తొడుగులు వేసుకుంటున్నావా?"

"ఆఁ, వేసుకుంటా ఉండాను."

"డ్యామ్ చేపేనా?"

"మరి ఏమి చేప? ఇక్కడ డ్యామ్ చేపే వచ్చేది."

చిన్నదాన్ని ఫోన్ దగ్గర పెట్టాను. అది ఏదో కూసింది, అవతల అమ్మ అదే కూత కూసింది. ఇద్దరూ అలా కాసేపు. అప్పుడు అమ్మ పక్కనుంచి ఎవరో ఆడమనిషి గొంతు, తొందరగా — "అక్కా, వంజరం ముక్కలు సన్నగా కొయ్యండి, వేపుడికి."

వంజరం.

"అమ్మా."

అవతల సంత రొద ఒకటే.

"అమ్మా, వంజరం ఏ డ్యాములో ఉంటుంది?"

కట్ అయింది. సిగ్నల్ పోయిందేమో. వాన కదా.

అత్త పక్కనే నిలబడి విన్నది. చిన్నదాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, "మళ్ళా చెయ్యి" అంది.

చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను.